కళ్ళం నుంచి గాదె దాకా

సంక్రాంతికి కాస్త ముందో వెనకో, పొద్దున ఎనిమిదింటిదాకా మంచు విడవని రోజుల్లో, పొలంలో మెరకగా ఉన్న మడి ఒకటి చూసి, వరి మోళ్ళు చెక్కేసి, నీళ్ళు చల్లి దిమ్మిసతో కొట్టి, ఆపైన పేడనీళ్ళతో అలికితే కళ్ళం తయారయ్యేది. ఆ పేడ ఎండకి ఆరుతున్నప్పటి వాసన, పక్కనే వేసిన వరికుప్పలోంచి వచ్చే పచ్చి వెచ్చటి గడ్డివాసన, గట్టు మీద రాళ్ళపొయ్యి పెట్టి కాచిన బెల్లం కాఫీ వాసన కలిసిపోయి, ఇది ఫలానా అని విడదీసి చెప్పలేని ఒక వాసన అయ్యేవి. మీలో కళ్ళాల దగ్గర పడుకున్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. పడుకోని వాళ్ళకి చెప్పినా తెలియదు.

మాది ఉయ్యూరుకీ పామర్రుకీ మధ్య, బందరు కాలువ నీళ్ళతో బతికే ఊళ్ళలో ఒకటి. 1957లో బెజవాడ దగ్గర ప్రకాశం బ్యారేజీ పూర్తయ్యేనాటికి నేను ఉయ్యాల్లో ఉన్నానట. నాకు ఊహ తెలిసేసరికి కాలువ వదిలితే ఏరువాక, కాలువ కట్టేస్తే ఎండాకాలం, మధ్యలో వచ్చేదంతా వరి. ఇంట్లో గోడకి కేలండరు ఉండేది గాని అది ఏకాదశులు చూసుకోవడానికే. మా తాతయ్య సొంత పొలం మూడెకరాలు. ఇంకో నాలుగెకరాలు బందరులో ఉండే ఒక ముసలమ్మగారిది, మేం కౌలుకి చేసేవాళ్ళం. మొత్తం ఏడెకరాలనీ తాతయ్య, నాన్న, బాబాయి, మా పాలేరు, రెండు ఎడ్లు కలిసి లాక్కొచ్చేవాళ్ళు.

నూర్పిడి రోజున తెల్లవారుజామునే బంతి కట్టేవారు. మా ఎడ్లు రెండూ చాలవు కాబట్టి పక్క కమతం వాళ్ళవి బదులు వచ్చేవి, వాళ్ళ నూర్పిడికి మావి వెళ్ళేవి. పరిచిన పనల మీద ఎడ్లు గుంజ చుట్టూ తిరుగుతుంటే మా పిల్లల పని ఒకటే. ఎద్దు తోక ఎత్తడం కనిపెట్టి, దోసెడు గడ్డి పట్టుకుని పరిగెత్తి, పేడ ధాన్యంలో పడకుండా అందుకోవాలి. ఆ పని మీద నాకు మంచి పేరుండేది. మధ్యాహ్నానికి గడ్డి దులిపి పక్కకి లాగేస్తే అడుగున ధాన్యం, తాలు, చెత్త కలిసి మిగిలేవి. ఇక గాలి కోసం ఎదురుచూపు. గాలి వచ్చిందంటే అన్నం తినే మనిషి కూడా చెయ్యి కడుక్కుని లేచిపోవాల్సిందే. పీటెక్కి బాబాయి చేట ఎత్తి పోస్తుంటే గింజ కింద రాలేది, తాలు అవతలకి ఎగిరేది. ఆ నుసికి ఒళ్ళంతా దురద. సాయంత్రం కాలువలో మునిగితే గాని తగ్గేది కాదు, ఆ నీళ్ళేమో మంచులో ఎముకలు కొరికేవి.

రాశి పోశాక దాని మీద పేడముద్ద, గరిక పెట్టి, తాతయ్య తలగుడ్డ తీసి దణ్ణం పెట్టి, తూర్పు మొహంగా కూచుని కుంచం పట్టేవాడు. నాలుగు మానికలు ఒక కుంచం. మొదటి కుంచానికి ‘ఒకటి’ అనకూడదు, ‘లాభం’ అనాలి. ఆ తర్వాత రెండు, మూడు, నాలుగు. కొలుస్తున్నంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు, రాశికి అడ్డంగా నడవకూడదు. పిల్లలం గడ్డివామి మీద కూచుని బిగబట్టుకుని చూసేవాళ్ళం. అందులో మా ఇంటికి వచ్చేది ఎంతో ఆ వయసులో మాకు తెలియదు. కళ్ళంలో ఉన్నదంతా మాదేననుకునేవాళ్ళం.

కాని అప్పటికే గట్టు మీద మనుషులు వచ్చి నిలబడి ఉండేవాళ్ళు. నాగలి చెక్కిన వడ్రంగి తాత, కర్రు సాగగొట్టిన కమ్మరి, ఏడాది పొడుగునా బట్టలుతికిన చాకలి అవ్వ, నెలకోసారి మా తలలు వంచి కత్తెర వేసిన మంగలి, కుండలిచ్చిన కుమ్మరి, రాత్రుళ్ళు కాలువ బోదె దగ్గర నీళ్ళు కాసిన మనిషి. వీళ్ళది మేర. ఇంత పనికి ఇంత అని ఏ రోజుకారోజు లెక్క ఉండదు. ఏడాది పనికి కళ్ళం దగ్గర ఇన్ని కుంచాలని ఎప్పుడో తాతల నాడు ఒప్పుకున్న మాట. వాళ్ళు వచ్చి నిలబడితే చాలు, అడగక్కర్లేదు. పండినా ఎండినా ఆ మాట తప్పకూడదని తాతయ్య పట్టుదల. పండని ఏడు మాత్రం కుంచం అంచుకి చేత్తో కొట్టి కొలిచేవాడు, పండిన ఏడు కుప్పగా నిలబెట్టి కొలిచేవాడు. పుచ్చుకునేవాళ్ళకి ఆ తేడా తెలుసు. ఆ కుంచం మాత్రం ఎప్పుడూ మా చేతిలోనే ఉండేది, వాళ్ళ చేతికి ఒక్కనాడూ వెళ్ళలేదు. ఆ సంగతి నాకు చాలా ఏళ్ళకి గాని తట్టలేదు.

కోతకీ మోతకీ వచ్చిన ఆడవాళ్ళు కూలి ధాన్యం కొంగున కట్టుకునేవాళ్ళు, తట్టల్లో పోసుకునేవాళ్ళు. చీకటి పడ్డాక ఊరి చివర వాళ్ళ ఇళ్ళ వైపు నుంచి రోకళ్ళ చప్పుడు వినబడేది. పొద్దున మా కళ్ళంలో ఉన్న గింజ రాత్రికి వాళ్ళ పొయ్యి మీద ఉడుకుతోందన్న మాట. వాళ్ళ పిల్లలూ మేమూ కలిసే కోసిన చేలల్లో పరిగె ఏరేవాళ్ళం. రాలిన వెన్నులు ఒక్కొక్కటీ ఏరి గుప్పెడు చేసి, నలిపి ఊది కొట్టుకి పట్టుకెళ్తే, కొట్టాయన డబ్బాతో కొలుచుకుని జీళ్ళో, వేయించిన శనగలో ఇచ్చేవాడు. మాకది చిరుతిండి. ఆ పిల్లల పరిగె మాత్రం ఇంట్లో వాళ్ళమ్మ కుండలోకి వెళ్ళేది.

మా పాలేరుకి ఉగాది నుంచి ఉగాదికి ఒప్పందం. ఏడాదికి 15 బస్తాల ధాన్యం, ఒక జత చెప్పులు, ఒక దుప్పటి, రోజూ మధ్యాహ్నం మా ఇంట్లో అన్నం. నేనాయన్ని మామా అనేవాణ్ణి, ఆయన నన్ను అబ్బాయిగారూ అనేవాడు. నా వయసు ఏడు, ఆయనది నలభై. ఇప్పుడు తలుచుకుంటే చిత్రంగా ఉంటుంది, అప్పుడు ఇద్దరికీ అలా అనిపించేది కాదు. ఆయన ఇంట్లోకి ఒక్క జీతమే కాదు వచ్చేది. భార్య ఊడుపులకీ కోతలకీ వెళ్ళేది, పెద్దకొడుకు వేరే వాళ్ళ గొడ్లు కాసేవాడు, సగం వాటాకి తెచ్చి పెంచిన ఒక పడ్డ దూడ వాళ్ళ పెరట్లో ఉండేది. నాలుగు వైపుల నుంచి వచ్చినవన్నీ కలిస్తే ఆ ఇల్లు నడిచేది.

బందరు అమ్మగారి సంగతి వేరు. ఆవిడకి ఆ నాలుగెకరాలే ఆధారం. భర్త పోయాక పుట్టిన ఊరు వదిలి బందరులో చిన్న పెంకుటింట్లో ఒక్కతే ఉండేది. ఎకరానికి 8 బస్తాలు మక్తా, అంటే పంట ఎంతైనా ఇవ్వాల్సింది అంతే. తిండికి కావలసిన ధాన్యం బండి మీద వేసుకెళ్ళి ఇంట్లో పోసి, మిగిలింది మిల్లులో అమ్మి డబ్బు చేతిలో పెట్టేవాళ్ళం. రాత్రి భోజనాలయ్యాక బండి కడితే తెల్లారేసరికి బందరు. నన్ను కూడా ఎక్కించుకునేవాళ్ళు. ఆవిడ గుమ్మంలో నిలబడి, “ఏమయ్యా, ఈ ఏడు గింజ సన్నబడిందేం?” అనేది. తాతయ్య, “అక్కుళ్ళు కాదమ్మగారూ, ఇవి కృష్ణకాటుకలు” అని గింజ కొరికి చూపించేవాడు. లోపల్నుంచి నాకు పెద్ద గ్లాసుతో మజ్జిగ వచ్చేది. ఆవిడ పొలం గట్టు మీద కాలు పెట్టి ఎన్నాళ్ళయిందో తెలియదు గాని, ఏ మడి పల్లమో ఏ మడి మెరకో మాకంటే బాగా చెప్పేది. ఊళ్ళో కొందరు కూచుని తినే భూస్వాములంటూ వెటకరించేవాళ్ళు. ఆవిడ కూచుని తిన్నది పొద్దునో ముద్ద, రాత్రి ఉప్పుడుపిండి.

మా వీధిలోనే ఇంకో మామ్మ ఉండేది. పొలం లేదు, చేయి తిరిగిన పొదుపు ఉంది. శ్రావణమాసంలో గాదెలు అడుగంటి ఊడుపు కూలీలకి కొలవడానికి గింజ లేనప్పుడు ఆవిడ దగ్గర నాగుకి తెచ్చుకునేవాళ్ళం. బస్తా తీసుకుంటే కళ్ళంలో బస్తన్నర. ఆరునెలలకి సగం వడ్డీ అంటే ఇప్పుడు గుండె గుభేలుమంటుంది. అప్పుడు ఎవరూ గుండెలు బాదుకోలేదు. పంట రాకముందే కూలివాళ్ళ ఇళ్ళలో పొయ్యి వెలగాలి కదా, ఆ వెలిగించినందుకు ఆవిడ పుచ్చుకునేది ఆ అర బస్తా. పరపతి సంఘంలో ఎరువుల అప్పుకి వడ్డీ చాలా తక్కువ. కాని సంఘం వాళ్ళు గింజ ఇవ్వరు, అర్ధరాత్రి తలుపు తడితే తియ్యరు.

తాతయ్యకి ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడుగాటి పుస్తకం ఒకటి ఉండేది. ఆయన పోయాక అది నాకు వచ్చింది. అందులో ఒక మంచి ఏడాది లెక్క, ఎకరానికి 20 బస్తాల చొప్పున 140. అమ్మగారి కౌలు 32. పాలేరు 15. కోత, కుప్ప, నూర్పిడి కూలీలు 18. మేరలు 5. వీధి మామ్మకి నాగు అసలుతో కలిపి 6, సంఘం వడ్డీ కింద అమ్మింది 1. విత్తనానికి ఉంచింది 3. పిండికట్టకీ అమోనియాకీ కొట్టు బాకీ 10. మొత్తం 90. మిగిలి గాదెలో పడింది 50 బస్తాలు. ఆ పేజీ అడుగున ఏ వ్యాఖ్యా లేదు, ఒక చిన్న శ్రీకారం తప్ప.

నేను బందరులో కాలేజీకి వెళ్ళి అర్థశాస్త్రం చదివాను, తర్వాత ముప్ఫై ఏళ్ళపాటు అదే పిల్లలకి చెప్పాను. భూమి, శ్రమ, మూలధనం, వ్యవస్థాపన అని నాలుగు ఉత్పత్తి కారకాలు. వాటికి భాటకం, వేతనం, వడ్డీ, లాభం అని నాలుగు ప్రతిఫలాలు. బోర్డు మీద ఇటు కుటుంబాలు, అటు సంస్థలు అని రెండు గళ్ళు గీసి, కుటుంబాల నుంచి కారకాలు అటు పోతాయి, వాటి ధర ఆదాయమై ఇటు వస్తుంది, ఆ ఆదాయం వస్తువులు కొనడానికి మళ్ళీ అటు పోతుంది అని బాణాలు గీస్తాం. ఈ బొమ్మకి మూలపురుషుడు ఫ్రాన్సులో రాజుగారి వైద్యుడు, కెనే అనే ఆయన. 1758లో ఆయన వేసిన పట్టికలో రైతులు, భూస్వాములు, చేతిపనివాళ్ళు అని మూడు వర్గాలు ఉంటాయి. పండిన పంట విలువ ఒకరి నుంచి ఒకరికి గీతల మీద వంకర్లు తిరుగుతూ పోతుంది. మొదటిసారి ఆ బొమ్మ చూసినప్పుడు నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. ఆ ముగ్గురూ మా కళ్ళంలో వాటా ఉన్నవాళ్ళే.

పాఠంలో లేనిది మా కళ్ళంలో ఉన్నది ఒకటుంది. బోర్డు మీద భూమి ఒకరిది, శ్రమ ఇంకొకరిది, పెట్టుబడి వేరొకరిది. మా ఇంట్లో ఆ మూడూ ఒకే గాదెలో పడేవి. ఎం.ఏ. చదివే రోజుల్లో సెలవలకి వచ్చి, కొత్తగా వంటబట్టిన తెలివితో తాతయ్య ముందు ఆ పుస్తకం తెరిచాను. “తాతయ్యా, ఈ 50 బస్తాలూ లాభం కాదు. మన మూడెకరాలకి మనకి మనమే కౌలు ఇచ్చుకున్నామనుకో, 24. ఇక 26. నాన్నకీ బాబాయికీ పాలేరు జీతం లెక్కన చెరో 15 వేస్తే 30. అంటే నువ్వు వ్యవసాయం చేసినందుకు నాలుగు బస్తాలు నష్టం. నీకూ, అమ్మకీ, ఎడ్లకీ ఇంకా ఏమీ వెయ్యలేదు.” తాతయ్య చుట్ట పక్కకి తీసి, “సరేరా, ఆ నాలుగు బస్తాలూ ఎవరికి బాకీ పడ్డానో చెప్పు, రేపు కొలిచి పంపిస్తాను” అన్నాడు. నాన్న పడీపడీ నవ్వాడు. నా దగ్గర జవాబు లేదు.

జవాబు పెద్దవాళ్ళ దగ్గర కూడా అంత సులువుగా లేదని తర్వాత తెలిసింది. 1949లో ప్రభుత్వం మహలనోబిస్ అధ్యక్షుడిగా, గాడ్గిల్, వి.కె.ఆర్.వి. రావు సభ్యులుగా జాతీయ ఆదాయ సంఘం వేసింది. దేశం ఆదాయం కట్టాలంటే అందరి జీతాలు, అద్దెలు, వడ్డీలు, లాభాలు కూడాలి. ఉద్యోగి జీతం కాగితం మీద ఉంటుంది. మా తాతయ్య లాంటి వాళ్ళ గాదెలో కూలి ఎంత, కౌలు ఎంత, లాభం ఎంత అని విడదీసేదెలా? అందుకే మన జాతీయ లెక్కల్లో ఇలాంటి రాబడికి విడిగా ఒక గడి ఉంది, స్వయం ఉపాధిలో ఉన్నవాళ్ళ మిశ్రమ ఆదాయం అని. క్లాసులో ఆ మాట వచ్చినప్పుడల్లా నేను ఎర్ర అట్ట పుస్తకం గురించి చెప్పేవాణ్ణి. పరీక్షలో రాయకపోయినా పిల్లలు అది గుర్తుపెట్టుకునేవాళ్ళు. ఇంకో సంగతి కూడా చెప్పేవాణ్ణి. వీధి మామ్మకి కొలిచిన 6 బస్తాల్లో 4 ఆవిడవే, తిరిగి ఆవిడ గాదెలోకి వెళ్ళాయి. ఆదాయం అనదగ్గది ఆ పైన రెండే. పిండికట్ట బాకీ 10 బస్తాలు కూడా ఎక్కడో గానుగలో, ఏదో ఫ్యాక్టరీలో ఎవరి జీతంగానో మారేవి గాని, ఆ ఇళ్ళు మా గట్టు మీంచి కనబడేవి కావు. అమ్మ మాత్రం ఏ గడిలోనూ లేదు. కళ్ళం పనివాళ్ళందరికీ పొయ్యి ముందు కూచుని వండింది, పాలు పితికింది, పెరడు ఊడ్చింది, ధాన్యం ఎండబోసి కాకుల్ని తోలింది. ఈనాటికీ జీతం లేని అలాంటి ఇంటిపని జాతీయ ఆదాయంలోకి రాదు.

ఇక వచ్చిన ఆదాయం ఊరికే కూచునేదా? మాఘమాసంలో భీష్మ ఏకాదశికి ఉయ్యూరు వీరమ్మతల్లి తిరునాళ్ళు మొదలు, పదిహేను రోజులు. కళ్ళాలు అయిపోయి ప్రతి ఇంట్లో నాలుగు గింజలు, నాలుగు రూపాయలు ఆడే రోజులవి. బళ్ళు కట్టుకుని ఊళ్ళకి ఊళ్ళు కదిలేవి. మా పాలేరు భార్య గాజులు తొడిగించుకునేది, వడ్రంగి తాత మనవడికి కీలుగుర్రం ఎక్కడానికి డబ్బులిచ్చేవాడు, కౌలు డబ్బు చేతికందిన అమ్మగారు కూడా ఒక ఏడు బస్సెక్కి వచ్చి మొక్కు తీర్చుకుని వెళ్ళింది. ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీలో సీజను పని చేసే మా మావయ్య ఒక్కడి జేబులోనే కాగితం నోట్లు ఫెళఫెళలాడేవి. ఆయన వస్తే మాకు జీళ్ళు, ఖర్జూరాలు, రంగులరాట్నం. కళ్ళంలో కుంచాలుగా విడిపోయినదంతా ఆ తిరునాళ్ళలో మళ్ళీ ఒకచోట చేరి, అంగళ్ళ వాళ్ళ సంచుల్లో పడి ఇంకెక్కడికో పోయేది. తాతయ్య మాత్రం ఏటా ఒక పలుపుతాడు, ఒక చేట కొనేవాడు. మళ్ళీ ఏరువాకకి అవి కావాలి కదా.

తర్వాత అన్నీ త్వరత్వరగా మారాయి. ఐఆర్ ఎయిట్ వచ్చింది, పొట్టి గడ్డి, లావు గింజ, ఎక్కువ బస్తాలు. మేరలు పోయి రోజు కూలి డబ్బయింది. ఎడ్ల బదులు ట్రాక్టరు తొక్కింది. ఇప్పుడు కోత మిషను చేలోకి దిగి గంటల్లో కోసి, నూర్చి, ధాన్యం పోసేసి పోతోంది. దానికిచ్చే అద్దె ఏ ఊళ్ళో ఏ ఇంటి ఆదాయమో మాకు తెలియదు. అది మంచిదో చెడ్డదో నేను చెప్పను, వంగి కోసిన నడుములకే తెలుసు. బెల్లం కాఫీ వాసన మాత్రం పోయింది.

నేను హైదరాబాదులో ఉంటాను. ఆ మూడెకరాలూ ఊళ్ళో ఒక కౌలురైతు చేస్తున్నాడు. మేష్టారూ అంటాడు, పంట చేతికి రాగానే నా బ్యాంకు ఖాతాలో కౌలు పడుతుంది, ఫోన్‌లో టింగుమంటుంది. బందరు అమ్మగారి గుమ్మంలో ఇప్పుడు నేను నిలబడ్డాను. తేడా ఏమిటంటే, ఆవిడకి ఆ కౌలు తప్ప ఇంకేదీ లేదు, నాకు పెన్షను ఉంది. తుఫాను వస్తే పంట పోయేది అతనిది, కౌలు మాత్రం నాకు రావాల్సిందే, అప్పటి మక్తాలాగే. పంట రుణం, బీమా, నష్టపరిహారం చాలాసార్లు పట్టాదారు పేరు చూసే వెళ్తాయి, దుక్కి దున్నినవాడి పేరు ఎక్కడా ఉండదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. పదకొండు నెలల ఒప్పందం మీద యజమాని సంతకం పెడితే కౌలురైతుకి కార్డు ఇస్తారు, దానితో అతను సాగుదారుగా రుణానికీ బీమాకీ వెళ్ళగలడు. పొలం పోతుందేమోనని చాలామంది సంతకం పెట్టడం లేదు. ఆ చట్టం ప్రకారం యాజమాన్య హక్కుకి ఏమీ కాదు. నేను చదివాను, సంతకం పెట్టాను. ఊళ్ళో పొలం ఉండి, ఎక్కడో ఉంటూ కౌలు తింటున్న నాలాంటి వాళ్ళు ఇది చదువుతుంటే, ఈసారి ఊరు వెళ్ళినప్పుడు మీ కౌలురైతుని పిలిచి ఆ కాగితం అడిగి సంతకం పెట్టి రండి.